విశాఖ సముద్రంలో ఉపగ్రహ కెమెరాల క్యాలిబ్రేషన్ బోయ్ పెట్టాలా, వద్దా?

రుషికొండ_రీసెర్చ్:
ఇస్రో సముద్ర ఉపగ్రహం ఓషన్‌శాట్-3 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లింది. దాని సముద్రపు రంగు కెమెరా చిత్రాలతోనే నా పని. ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తగా క్యాలిబ్రేట్ చేసినా, అంటే తెలిసిన వెలుతురుతో పోల్చి సరిచూసినా, పైకి వెళ్లాక కెమెరా మారుతుంది. అందుకే సముద్రంలో లంగరు వేసి తేలేలా ఉంచిన బోయ్ మీద కొలిచిన వెలుతురుతో పోల్చి లెక్క సరిచేస్తారు. ఆ బోయ్ విశాఖకు ఎదురుగా ఎందుకు ఉండకూడదు? నీలి రంగు బ్యాండ్లలో ఉపగ్రహానికి అందే వెలుతురులో దాదాపు 90 శాతం గాలి నుంచి వచ్చేదే, నీటి వాటా పదో వంతు. కెమెరా 0.5 శాతం తప్పితే నీటి లెక్క 5 శాతం తప్పుతుంది. బంగాళాఖాతం లెక్కను వేరే సముద్రంలో తేల్చడం నాకు నచ్చడం లేదు.

కంచరపాలెం_కుర్రాడు:
అన్నా, అసలు బోయ్ ఎందుకు? సూర్యుడి వెలుతురు పడే తెల్ల పలక కొన్ని ఉపగ్రహాల్లోనే ఉంటుంది కదా, దాన్ని చూసి సరిచేసుకోవచ్చు.

ఫిజిక్స్_మాస్టారు:
ఆ పలక కూడా పాడవుతుంది బాబూ. అతినీలలోహిత కిరణాలకు దాని తెలుపు తగ్గుతుంది, అదీ నీలి రంగులో ఎక్కువ. నాసా టెర్రా ఉపగ్రహంలో మోడిస్ అనే కెమెరా పలక తలుపు 2003 జులై నుంచి తెరిచే ఉంది. దాంతో పలక ఇంకా త్వరగా పాడైంది. అందుకే చంద్రుణ్ణి చూస్తారు. సీవిఫ్స్ అనే సముద్రపు రంగు కెమెరా ఉన్న ఉపగ్రహాన్ని నెలనెలా చంద్రుడి వైపు తిప్పేవారు. అక్కడ గాలి లేదు, నేల మారదు. కెమెరా ఎంత మందగించిందో చంద్రుడు కచ్చితంగా చెబుతాడు, కానీ అసలు విలువ ఎంతో అంత కచ్చితంగా చెప్పలేడు. దానికి బోయ్ కావాల్సిందే.

అయితే విశాఖలో వద్దు. హవాయిలో లనాయి దీవి దగ్గర మోబీ బోయ్ 1997 నుంచి పనిచేస్తోంది. అక్కడ నీళ్లు తేట, గాలిలో ధూళి తక్కువ. మన దగ్గర గోదావరి బురద, పొగ, వానాకాలమంతా మబ్బు. ఇక్కడ తేడా వస్తే అది కెమెరాదా, గాలి లెక్కదా? విడదీయలేం. గాలి చేసిన తప్పును కెమెరా ఖాతాలో రాసి, అదే తప్పును అన్ని సముద్రాలకూ పంచుతాం. మన దేశంలోనూ ఈ పనికి లక్షద్వీప్‌లోని కవరత్తిని ఎంచుకున్నది నీటి తేటదనం చూసే.

జాలరిపేట_బోటు:
మా నాన్న హార్బర్ నుంచి వేటకు వెళ్తారు. చేపలు పడే చోటు గురించి ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) సూచన వస్తే చూసుకుంటాం. అందులో రంగు చిత్రాల నుంచి చూసేది పచ్చనీరు, నీలినీరు కలిసే గీతే కదండీ? గీత సరైన చోట కనబడితే చాలు, అంకె 5 శాతం అటూఇటూ అయితే మాకేంటి?

రుషికొండ_రీసెర్చ్:
గీత వరకూ మీ మాట నిజం. కానీ పదేళ్లలో మన సముద్రంలో పచ్చదనం, అంటే నీటిలోని సూక్ష్మ మొక్కలు, తగ్గిందా అని అడిగితే ఆ 5 శాతంలోనే జవాబు మునిగిపోతుంది. పైగా తీరం దగ్గర బురదనే పచ్చదనం అనుకునే ప్రమాదం ఉంది.

మాస్టారూ, క్యాలిబ్రేషన్ విషయంలో ఒప్పుకుంటున్నాను. కెమెరా లెక్కను సరిచేసే గుణకాలు తేట నీటిలోనే తేల్చాలి. కానీ ఆ లెక్క ఇక్కడ నిలబడుతోందా అని చూడటానికి ఇక్కడ కొలతలు ఉండాలి. అది వదులుకోను.

ఫిజిక్స్_మాస్టారు:
దానికి నా అడ్డు లేదు. అద్దాల మీద నాచు, గుల్లలు పడితే కొలత పోతుంది. మోబీకి డైవర్లు దిగి శుభ్రం చేస్తారు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకో.

జాలరిపేట_బోటు:
పెడితే చోటు మాత్రం మమ్మల్ని అడిగి పెట్టండి. ట్రాలర్లు వల లాగే దారిలో లంగరు వేస్తే మీ బోయ్ పోతుంది, మా వలా పోతుంది.