క్వారీ గుంతలో స్కూబా: దిగే ముందు ఏమేం చూడాలి?

నీలిరాయి: హైదరాబాద్ చుట్టుపక్కల తవ్వి వదిలేసిన గ్రానైట్ గుంతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. నలుగురం సర్టిఫికెట్ ఉన్నవాళ్లం, ప్రాక్టీసు కోసం చూస్తున్నాం. గట్టు మీద నుంచే ఎంతవరకు తేల్చుకోవచ్చు? చెరువులైనా పర్వాలేదా?

తాడుముడి: సగానికి పైగా గట్టు మీదే తేలిపోతుందండి. యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే మిగతాది. తాడుకి మీటరుకో ముడి వేసి, కొనకి కిలో ఇనుప గుండు కట్టి, తెప్ప మీద నుంచి నాలుగైదు చోట్ల దింపండి. లోతు చూసి ఊరుకోవద్దు, పైకి లాగాక గుండు వాసన చూడండి. నల్ల బురద అంటుకుని కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడితే అడుగున ఆక్సిజన్ లేదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. ఆ పొరలోకి దిగనే వద్దు. రాతిపొడి తెల్లగా అంటితే ఫిన్ (కాళ్లకి తొడిగే రెక్క) తగలగానే అంతా పాలలా అయిపోతుంది. అక్కడ కప్పలా కాళ్లు పక్కలకి తన్నే ఫ్రాగ్ కిక్ వచ్చినవాళ్లే దిగాలి.

నీటి తేటకి 20 సెంటీమీటర్ల సెకీ డిస్క్ (తాడుకి కట్టి దింపే నలుపు తెలుపు పళ్లెం) చాలు. మధ్యాహ్నం పూట నీడ పడే వైపు నుంచి దింపండి, చలువ కళ్లద్దాలు తీసేయాలి. మాయమైన లోతు, పైకి లాగితే మళ్లీ కనిపించిన లోతు, రెండింటి సగటు రాసుకోండి. రెండు మీటర్లు కూడా రాకపోతే ఆ గుంత వదిలేయడమే నయం.

బార్‌లెక్క: హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. 300 దాటితే మామూలు డైవ్ టేబుల్ (ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పట్టిక) పనికిరాదు, ఎత్తుకి సరిచేసుకోవాలి. లోతు, సమయం లెక్కగట్టే డైవ్ కంప్యూటర్‌ని మంచినీటికి మార్చుకోండి. సముద్రంలో కట్టుకున్న బరువులే కడితే మునిగిపోతారు: మనిషి, సామాను కలిపి 100 కిలోలైతే ఇక్కడ రెండున్నర కిలోల దాకా తగ్గించాలి. కొత్త సూట్ అయితే గట్టు దగ్గర లోతులేని చోట మళ్లీ చూసుకోండి.

తూముకట్ట: చెరువు సంగతి నేను చెప్తాను. తూము ఎక్కడుందో తెలియని చెరువులో దిగొద్దు. తూము నోటికి పైన 5 మీటర్ల నీళ్లుంటే చదరపు సెంటీమీటరుకి అరకిలో ఒత్తిడి. 30 సెంటీమీటర్ల చదరపు నోటికి మనిషి అడ్డం పడితే 450 కిలోల బరువు అతుక్కున్నట్టే, ఇద్దరు లాగినా రాడు. తూము మూసి తాళం వేసి ఉంటేనే, అదీ దూరంగా. ఇక సన్న నైలాన్ వలలు నీళ్లలో కంటికి ఆనవు. చేపల సొసైటీ వాళ్లని అడిగి ఎక్కడెక్కడ వేశారో గుర్తు పెట్టుకోండి. ఏ చేత్తోనైనా అందేలా రెండు కట్టర్లు ఉండాలి.

నీలిరాయి: తూము లెక్క తెలియదు, ధన్యవాదాలండి. చెరువు వద్దు, క్వారీయే చూస్తాం. ఏ నెల మంచిది?

తాడుముడి: వానలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి. వేసవిలో పైన పచ్చ నాచు, కింద చీకటి, ఒక్కసారిగా చల్లదనం. ఇంకొకటి, క్వారీ గోడలు నిలువుగా ఉంటాయి. స్పృహ తప్పినవాణ్ని ఎక్కడి నుంచి పైకి తెస్తారో తాడు, స్ట్రెచర్‌తో ముందే చేసి చూడండి. ఆ దారి లేని గుంతలో నీళ్లు ఎంత తేటగా ఉన్నా వద్దు.