మందులు కణంలోకి గోడలోంచి దూరతాయా, తలుపులోంచి వెళ్తాయా?

నిత్యవిద్యార్థి:
ఫార్మకాలజీ పరీక్షకు చదువుతూ ఒకచోట చిక్కుకుపోయాను. మా పుస్తకం ప్రకారం కొవ్వులో కరిగే చిన్న మందులు కణపొరలోంచి వాటంతటవే అవతలికి వెళ్లిపోతాయి. కణపొరలో ఉండి పదార్థాలను అటూ ఇటూ దాటించే ట్రాన్స్‌పోర్టర్ ప్రోటీన్ల సాయం కొన్నిటికే కావాలి. నిన్న మా సీనియర్ ఒకాయన ఇదంతా పాత చింతకాయ పచ్చడని కొట్టిపారేశాడు. ప్రోటీన్ల ద్వారా వెళ్లడం మినహాయింపు కాదు, అదే నియమం అని 2008లో డాబ్సన్, కెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాదించారట. పరీక్షలో ఏం రాయాలన్నది ఒకటి, అసలు ఏది నిజమన్నది ఇంకొకటి. నాకు రెండోదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

పాతపాఠం:
పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయండి. నిజం కూడా దాదాపు అదే.

1890లలో ఓవర్టన్ అనే ఆయన రకరకాల పదార్థాలను జీవకణాల మీద ప్రయోగించి చూశాడు. నూనెలో బాగా కరిగేవి కణంలోకి తొందరగా వెళ్లాయి, కరగనివి బయటే ఉండిపోయాయి. కణపొర కొవ్వులాంటి పదార్థంతో చేసినదై ఉంటుందన్న ఊహకు అదే మొదలు. ఇప్పుడు మందుల ల్యాబుల్లో పాంపా అని ఒక పరీక్ష చేస్తారు. సన్నని ఫిల్టరుకు కొవ్వు పదార్థం పట్టించి, ఒకవైపు మందు కలిపిన ద్రావణం, రెండోవైపు మందు లేని ద్రావణం పెడతారు. కొన్ని గంటలయ్యాక అటువైపు ఎంత చేరిందో కొలుస్తారు. అందులో ప్రోటీన్ అన్నదే ఉండదు. అయినా బోలెడు మందులు నిక్షేపంగా అవతలికి చేరతాయి. వాటిని ఎవరు మోసుకెళ్లారంటారు?

ల్యాబ్‌కోటు:
పాతపాఠం గారూ, ఫిల్టరుకు పూసిన కొవ్వునే కణపొర అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అసలైన కణపొర బరువులో సుమారు సగం ప్రోటీన్లే. మనిషిలో ఎస్‌ఎల్‌సి కుటుంబం ట్రాన్స్‌పోర్టర్ల జన్యువులు 400కు పైన ఉన్నాయి, ఏబీసీ కుటుంబానివి 48. ఇన్ని తలుపులున్న ఇంట్లోకి అందరూ గోడలోంచే వస్తున్నారంటే ఎలా నమ్మను?

నీళ్ల సంగతే చూడండి. అవి కొవ్వు పొరలోంచి ఎలాగో ఇంకుతాయని చాలాకాలం సరిపెట్టుకున్నారు. 1992లో పీటర్ ఏగ్రి బృందం నీటికోసమే ఉన్న ప్రోటీన్‌ను, అదే ఆక్వాపోరిన్‌ను పట్టుకుంది. 2003లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది.

మందుల్లోనే ఉదాహరణ కావాలంటే వైఎం155 ఉంది. ఇది క్యాన్సర్ మీద ప్రయోగించి చూసిన పదార్థం. కణాల్లో ఒక్కోదానిలో ఒక్కో జన్యువు చెడిపోయేలా చేసి, అన్నిటి మీదా ఆ మందు పోశారు. దాదాపు అన్నీ చచ్చాయి. బతికి బట్టకట్టిన వాటిలో ఏ జన్యువు చెడిందా అని చూస్తే ఎస్‌ఎల్‌సి35ఎఫ్2 బయటపడింది. ఆ ఒక్క తలుపు మూసేస్తే మందు లోపలికి పోలేకపోయింది. 2014 నాటి పని ఇది. మీ గోడ ఎటుపోయింది మరి?

పాతపాఠం:
వైఎం155 అణువు మీద ధన విద్యుదావేశం శాశ్వతంగా ఉంటుంది. అలాంటిది కొవ్వులోంచి పోదని మా పుస్తకమే చెబుతోంది కదా! తలుపు లేనిదే కదలలేనిదాన్ని తెచ్చి, అన్నిటికీ తలుపే దారి అంటే ఎలా? షుగరు మందు మెట్‌ఫార్మిన్ కూడా అలాంటిదే. దానికి పేగులో, కాలేయంలో, కిడ్నీలో వేరువేరు ట్రాన్స్‌పోర్టర్లు కావాలని నేనూ ఒప్పుకుంటా. ఇక నీళ్లంటారా, ఆక్వాపోరిన్ లేని ఉత్త కొవ్వు పొరలోంచి కూడా పోతాయి, కాస్త నెమ్మదిగా.

మీరు ఆపరేషన్ మత్తుకు వాడే వాయువులకో, బీపీ మందు ప్రొప్రనొలాల్‌కో ఇలాగే జన్యువు తీసేసి లోపలికి పోకుండా ఆపి చూపించండి. ఆరోజు నా పేరు కొత్తపాఠం అని మార్చుకుంటా.

మందులచీటీ:
నేను ఫార్మసిస్టును. లోపలికి ఎలా వెళ్తుందని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, నా పనిలో ఎక్కువగా తగిలేది బయటికి తోసే ప్రోటీనే. లోపెరమైడ్ ఉంది కదా, విరేచనాలకు ఇచ్చే మాత్ర. అది నల్లమందు జాతిది. అయినా మామూలు మోతాదులో మత్తు రాదు. మెదడు రక్తనాళాల గోడల్లో పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు దాన్ని ఎప్పటికప్పుడు రక్తంలోకి తోసేస్తుంటుంది.

ఈ పంపు ఎంత పని చేస్తోందో అనుకోకుండానే తెలిసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పరిశోధన బృందం ఈ పంపు జన్యువు లేని ఎలుకల్ని పెంచింది. చూడ్డానికి అన్నీ మామూలు ఎలుకల్లాగే ఉన్నాయి. వాటి బోనులకు పురుగు పడితే, ఎప్పటిలాగే ఐవర్‌మెక్టిన్ చల్లారు. మామూలు ఎలుకలకు ఏమీ కాలేదు. పంపు లేనివి మాత్రం చాలావరకు చచ్చిపోయాయి. కొలిచి చూస్తే వాటి మెదడులో ఆ మందు మామూలు ఎలుకల్లో కన్నా 87 రెట్లు ఉంది. ఈ ఫలితం 1994లో వెలువడింది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఇదే జన్యువులో లోపం ఉంటుంది. అందుకే వాటికి ఆ మందు ఎక్కువ మోతాదులో ఇవ్వాలంటే పశువైద్యులు వెనకాడతారు.

పాతపాఠం:
అడగకుండానే నా తరఫున సాక్ష్యం చెప్పారు, థాంక్స్. పంపు తీసేయగానే ఐవర్‌మెక్టిన్ మెదడులోకి ఎలా వెళ్లింది? దానంతట అదే ఊరుతూ ఉంటే కదా, తోడిపోసే పంపు అవసరం పడేది. పడవకు చిల్లి లేకపోతే నీళ్లు తోడేవాడితో పనేముంది?

ల్యాబ్‌కోటు:
చిల్లి ఉందని ఒప్పుకుందాం, అది కొవ్వులోనే ఉందని ఎవరు చెప్పారు? లోపలికి తెచ్చే ఇంకో ప్రోటీన్ ఉండకూడదా? పంపు తీసేస్తే తెలిసేది పంపు సంగతే. అయినా ఇది మీ పక్షాన ఉన్న మంచి పాయింటే, కాదనను.

కానీ అసలు సంగతి ఇంకొకటుంది. ఈ ప్రోటీన్లు మన మాత్రల కోసం పుట్టలేదు. 1976లో టొరంటోలో జూలియానో, లింగ్ ఈ పంపును గుర్తించింది కోల్చిసిన్‌కు లొంగని హ్యామ్‌స్టర్ కణాల్లో. కోల్చిసిన్ మొక్కల విషం. ఆ కణాలు దానితో పోలికే లేని వేరే మందులకూ లొంగలేదు. (పేరులోని ‘పి’ పర్మియబిలిటీకి పొడి అక్షరం. మందు లోపలికే రావడం లేదని అప్పుడు అనుకున్నారు. వచ్చినదాన్ని గెంటేస్తోందని తర్వాత తేలింది.) గుండె మందు డైగాక్సిన్ కూడా మొక్క సరుకే, దాన్నీ ఈ పంపే తోస్తుంది. యాపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో తీసిన ఫ్లోరిజిన్ గ్లూకోజ్ ట్రాన్స్‌పోర్టర్‌కు అడ్డుపడుతుంది. ఇప్పటి గ్లిఫ్లోజిన్ షుగరు మందులు దాని నమూనా మీద వచ్చినవే. ప్రకృతిలోని అణువులకూ ఈ ప్రోటీన్లకూ మధ్య లావాదేవీలు కోట్ల ఏళ్ల నాటివి. మన మందులు చాలావరకు వాటి పోలికతోనే ఉంటాయి కాబట్టి ఆ బండ్లే ఎక్కుతాయన్నది కెల్ వాదంలో అసలు ముక్క.

మందులచీటీ:
బండి ఎక్కనివ్వకపోతే ఏమవుతుందో కూడా చూస్తుంటాం. గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని మందుల్ని రక్తంలో పెంచేస్తుందని చాలామందికి తెలుసు, అది మందును విరగ్గొట్టే ఎంజైమును ఆపడం వల్ల. ఫెక్సోఫెనడిన్ అనే అలర్జీ మాత్ర విషయంలో మాత్రం తిరగబడుతుంది. ఆ రసం పేగులోని ఓఏటీపీ ట్రాన్స్‌పోర్టర్‌కు అడ్డం పడి, మందు ఒంట్లోకి చేరడం తగ్గుతుంది. యాపిల్, నారింజ రసాలతోనూ అంతే. నీళ్లతోనే వేసుకోండని చెబితే “రసం మంచిదే కదా” అంటారు. ఏం చెప్పను!

ఓపీడాక్టర్:
నాదీ ఒక మాట. సిమ్వస్టాటిన్ చూడండి, కొవ్వులో హాయిగా కరిగే కొలెస్ట్రాల్ మందు. పాతపాఠం గారి లెక్కలో దానికి తలుపుతో పనిలేదు. కానీ ఒంట్లో అది ఆమ్ల రూపంలోకి మారాక కాలేయంలోకి తీసుకెళ్లేది ఓఏటీపీ1బీ1 ప్రోటీన్. దాని జన్యువులో ఒక తేడా ఉన్నవాళ్లలో మందు రక్తంలోనే ఎక్కువగా మిగులుతుంది. రోజుకు 80 మిల్లీగ్రాములు వాడినవారిని 2008లో పరిశీలిస్తే, ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ తేడా ఉన్నవాళ్లకు కండరాలు దెబ్బతినే అవకాశం, ఆ తేడా అసలే లేనివాళ్ల కన్నా సుమారు 17 రెట్లు తేలింది. సీసా మీద ఒకే మోతాదు రాసి ఉన్నా, ఒక్కో ఒంట్లో ఒక్కో మోతాదు.

పాతపాఠం:
మీరే అన్నారుగా డాక్టరుగారూ, ఆమ్ల రూపం అని. దాని మీద ఆవేశం ఉంటుంది. అసలు రూపానికి ఆ గొడవ లేదు.

నిత్యవిద్యార్థి:
అందరికీ థాంక్స్. రాత్రంతా చదివితే నాకు ఒక ఉదాహరణ దొరికింది, తప్పయితే చెప్పండి. మూర్ఛకు, నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్ అమైనో ఆమ్లం లాంటి మందు, వాటి ట్రాన్స్‌పోర్టర్ మీదే వెళ్తుంది. రోజుకు 900 మిల్లీగ్రాములు మూడు విడతలుగా ఇస్తే 60 శాతం ఒంట్లోకి చేరుతుంది, 4800 ఇస్తే 27 శాతమే. అంటే మోతాదు అయిదు రెట్లు దాటినా, ఒంటికి అందేది 540 నుంచి సుమారు 1300 దాకా, రెండున్నర రెట్లు కూడా కాదు. గోడలోంచి పోయేదైతే శాతం మారకూడదు. తలుపుకు క్యూ ఉంటుంది, గోడకు ఉండదు. అందుకే ప్రతి మందుకూ మోతాదు పెంచి చూస్తే ఏ దారో తెలిసిపోదా?

ల్యాబ్‌కోటు:
లెక్క బాగుంది. కానీ తలుపు మరీ వెడల్పుగా ఉంటే మామూలు మోతాదుల్లో క్యూ కనపడదు. శాతం మారలేదు కాబట్టి తలుపు లేదని చెప్పలేం.

పాతపాఠం:
క్యూ కనపడితే తలుపు ఉంది, కనపడకపోతే వెడల్పాటి తలుపు ఉంది! మీతో ఎలా గెలవాలండీ? 2010లో కెల్ వర్గానికి జవాబు రాసినవాళ్లు రెండు దారులూ పక్కపక్కనే ఉంటాయన్నారు, ఏ మందుకు ఏది ఎంత అన్నది విడివిడిగా కొలవాలన్నారు. నాకు అది చాలు. తమ్ముడూ, నువ్వు గబాపెంటిన్ ముక్క రాసెయ్. మార్కులు తగ్గితే మీ సీనియర్‌ని అడుగు.

నిత్యవిద్యార్థి:
పేపరు దిద్దేది ఆయనే సార్.