చలివేంద్రం పెట్టిన కంపెనీ దగ్గర ఫ్లాటు కొనొచ్చా? (భీమవరం)

గునుపూడి టీచర్:

అందరికీ నమస్కారమండీ. మాది భీమవరం. నేను మున్సిపల్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను, మావారికి ఆక్వా మేతల షాపు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళే. 2022లో మా ఊరు జిల్లా కేంద్రం అయ్యాక స్థలం మాటెత్తితే చాలు, బ్రోకర్లు జాలిగా చూస్తున్నారు. అందుకని ఫ్లాటుకే కట్టుబడ్డాం.

ఉండి రోడ్డు వైపు మా జిల్లా కంపెనీ ఒకటి అయిదంతస్తుల అపార్టుమెంటు కడుతోంది. మూడో శ్లాబు అయింది. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఏడెనిమిదేళ్ళలో వాళ్ళు మూడు అపార్టుమెంట్లు, ఒక కల్యాణ మండపం, ఒక ప్రైవేటు స్కూలు బిల్డింగు కట్టారు. ఊళ్ళో పేరు బాగానే ఉంది. బస్ షెల్టరు వాళ్ళదే. ఎండాకాలం వస్తే రెండు చోట్ల చలివేంద్రం పెడతారు, మావుళ్ళమ్మ జాతరలో ఒకరోజు అన్నదానం చేస్తారు. మా స్కూల్లో ఆడపిల్లల బాత్రూములూ వాళ్ళే కట్టించారు. అవి లేనప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లలు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. అందుకే ఆ కంపెనీ అంటే నాకు కొంచెం మెత్తదనం ఉంది, దాచుకోను.

ఇంట్లో గొడవ ఇదీ. "ఊరికి ఇంత చేసేవాడు మనకి అన్యాయం చేస్తాడా?" అని మావారు. "ఊరికి పెట్టేదంతా మన ఫ్లాటు రేటులోంచే పోతుందక్కా" అని మా తమ్ముడు. రేటు 48 లక్షలు చెప్పారు. ఈ నెలాఖరులోపు పది లక్షలు కడితే ఆ రేటు ఖాయమట, రసీదు ఇస్తారట, అగ్రిమెంటు తర్వాత రాసుకుందాం అంటున్నారు. ఏం చూడాలి, ఎవర్ని అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పుటేరు:

మొదట ఆ స్థలం పూర్వాశ్రమం చూడండి మేడమ్. మనవైపు చేపల చెరువు పూడ్చి ప్లాట్లు చేసిన చోట్లు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరుపుకుంటూ చూడొచ్చు, ఉచితమే. మా బావ అలా చూస్తే తను కొనబోయే "గార్డెన్ ఫేసింగ్" ఫ్లాటు కింద చక్కగా నాలుగు గట్లతో చెరువు కనబడింది. చెరువైతే కొనకూడదని కాదు. పునాదికి పైల్స్ (భూమిలోకి లోతుగా దింపే స్తంభాలు) వేశారా, సాయిల్ టెస్టు రిపోర్టు ఉందా అని అడగడానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఇంకోటి. షెల్టరు మీద ఊరి పేరు పెద్దదా, ఓనరు గారి ఫొటో పెద్దదా? ఊరికే అడిగాను లెండి.

పాతసైటు:

టీచరు గారూ, ముప్పై ఒక్క ఏళ్ళు సైటు సూపర్‌వైజరుగా చేసి ఇంటికొచ్చినవాణ్ణి. పాలకొల్లు, నరసాపురం, భీమవరం, ఇవే నా చేలు. చలివేంద్రంలో ఆ కంపెనీ ఊరికి ఏ నీళ్ళు పోస్తుందో మీరు చూశారు. కాంక్రీటు కలిపే మిల్లర్లో ఏ నీళ్ళు పోస్తుందో చూశారా? మనూళ్ళో అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

మనవైపు చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పే కదండీ. ఆ ఉప్పు కాంక్రీటులోకి పోతే ఏమవుతుందంటే, సిమెంటులో ఉండే క్షారం ఊచ చుట్టూ కంటికి కనపడనంత సన్నటి పొర కడుతుంది. ఆ పొర ఉన్నన్నాళ్ళూ ఇనుముకి తుప్పు రాదు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకి చిల్లులు పెడుతుంది. తుప్పు పట్టిన ఊచ లావెక్కుతుంది, లావెక్కిన ఊచ పైనున్న కాంక్రీటుని తన్నేస్తుంది. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ఉంది, దాని లెక్క ప్రకారం ఇనుము వేసే కాంక్రీటుకి వాడే నీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాముల క్లోరైడు మించకూడదు. ఇనుము లేని కాంక్రీటుకైతే 2000 దాకా ఒప్పుకుంటారు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2004లో, సముద్రానికి దగ్గర ఊళ్ళో రెండంతస్తుల బిల్డింగు. పొద్దున్నే శ్లాబు. పద్దెనిమిది మంది కూలీలు వచ్చి కూర్చున్నారు, మిల్లరు అద్దెకొచ్చింది, మంచినీళ్ళ ట్యాంకరు మాత్రం రాలేదు. తొమ్మిదిన్నర దాకా చూసి కాంట్రాక్టరు "బోరు వెయ్యి" అన్నాడు. స్విచ్చి వేసింది నేనేనండీ. మా చెల్లి పెళ్ళికి ఆయన దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదు, నోరు పెగల్లేదు. శ్లాబు మీద మళ్ళు కట్టి అదే నీళ్ళు పెట్టాం. నీళ్ళు ఇంకిపోయిన చోట పిండి చల్లినట్టు తెల్లటి పొర. వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాను. ఎనిమిదో ఏడు బాల్కనీ అడుగున పెచ్చు లేచి, రాత్రిపూట ఊడి కింద పెట్టిన స్కూటరు మీద పడింది. పగలైతే అక్కడ పిల్లలు ఆడుకుంటారు. ఇప్పటికీ ఆ వీధిలో పనుంటే చుట్టు తిరిగి వెళ్తాను.

మీరు చెయ్యాల్సింది తేలిక. మీవారిది ఆక్వా షాపు, ఇంకేం కావాలి! రొయ్యల రైతులు చెరువు నీళ్ళు పట్టుకెళ్ళే ల్యాబుకే ఈ నీళ్ళూ పట్టుకెళ్ళండి. సైటులో మిల్లరు పక్కనున్న డ్రమ్ములోంచి ఒక సీసా, శ్లాబు తడిపే (క్యూరింగు) పైపులోంచి ఒక సీసా. రైతుల చేతిలో ఉండే, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు ఇంత తక్కువ ఉప్పు దగ్గర నమ్మకంగా చెప్పదు. క్లోరైడు ఎంతో విడిగా చూడమనండి. సెలినిటీ, అంటే ఉప్పదనం, ఒక పీపీటీ (లీటరుకి సుమారు ఒక గ్రాము) ఉందంటే క్లోరైడు 500 దాటినట్టే లెక్క.

తర్వాత వాళ్ళ కొత్త బ్రోచరు మూసేసి, వాళ్ళ పాత అపార్టుమెంటుకి వెళ్ళండి. అన్నిటికంటే పాతది. లిఫ్టు దగ్గర టైల్సు చూడొద్దు, పార్కింగులోకి దిగి తల పైకెత్తండి. బీముల అడుగున ఊచ పొడుగునా గీతలా పగులుందా, తుప్పు రంగు చారికలున్నాయా. నీళ్ళ ట్యాంకు కింద, మెట్ల అడుగున కూడా. వాచ్‌మన్‌కి ఓ టీ ఇప్పిస్తే బిల్డరు ఫోను ఎత్తుతాడో లేదో ఆయనే చెబుతాడు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా (ఫ్లాట్లు కొనేవాళ్ళ రక్షణకి వచ్చిన చట్టం) కింద రిజిస్ట్రేషను ఉండాలి. నంబరు అడిగి ఏపీ రెరా సైటులో మీరే చూసుకోండి. కొనేవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే విడి ఖాతాలో ఉంచాలి, అంటే మీ డబ్బుతో ఇంకో ఊళ్ళో స్థలం కొనకూడదన్నమాట. అగ్రిమెంటు రిజిస్టరు చెయ్యకుండా రేటులో పదో వంతు మించి తీసుకోకూడదు. 48 లక్షలకి 4 లక్షల 80 వేలు. పది లక్షలకి రసీదు అంటున్నారంటే అక్కడే ఆగండి. ఇంకోటి ఎవరూ చెప్పరు: ప్లాను మంజూరప్పుడు కట్టే విస్తీర్ణంలో పదో వంతు మున్సిపాలిటీకి తనఖా పెడతారు, బిల్డింగులో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు వచ్చాకే విడిపిస్తారు. మీకు చూపిస్తున్న ఫ్లాటు అందులో ఉందేమో కనుక్కోండి.

ఇక సేవ సంగతి. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అని పెద్ద కంపెనీలకి చట్టం ఉంది. ఏడాది నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాల్సిందే. మన బిల్డర్లలో చాలామందివి పార్ట్‌నర్‌షిప్పులు, వాళ్ళకి ఆ చట్టం తగలదు. మీ కంపెనీ అలాంటిదే అయితే ఆ బాత్రూములు ఎవరూ మెడ మీద కత్తి పెట్టకుండా కట్టించినవి. ఆ మెచ్చుకోలు వాళ్ళకి ఇవ్వాల్సిందే, మీ తమ్ముడికి కూడా చెప్పండి.

కాకపోతే నేనైతే సైటు వెనకాల కూలీల రేకుల షెడ్లు చూస్తాను. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్ళుంటారు. ఆడకూలీలు యాభై మంది దాటితే ఆరేళ్ళలోపు పిల్లలకి గది పెట్టాలని 1996 చట్టంలో 2025 దాకా ఉండేది. ఇలాంటి సైటులో అంతమంది ఉండరు, కాబట్టి అప్పుడూ ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అక్కడ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉందేమో చూడండి. స్కూల్లో కట్టించినవాడు సైటులో కట్టించలేదంటే నాకు నచ్చదు.

వడకర తెలుగోడు:

నేను కేరళలో, కోళికోడు జిల్లాలో పని చేస్తున్నాను. పాతసైటు గారు కూలీల షెడ్డు మాటెత్తారు కాబట్టి ఇది రాయాలనిపించింది. ఇక్కడ ఊరాళుంగల్ లేబర్ కాంట్రాక్ట్ సొసైటీ అని ఉంది. వాగ్భటానందుడనే సంస్కర్త శిష్యులు, పని దొరక్క వెలివేతకి గురైన కూలీలు, 1925లో మొదలుపెట్టారు. పని చేసేవాళ్ళే సభ్యులు, వాళ్ళే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. కొచ్చిలో పాలారివట్టం ఫ్లైఓవరు 2016లో తెరిచి, లోపాలు బయటపడి 2019లో మూసేశారు. ఢిల్లీ మెట్రో వాళ్ళ పర్యవేక్షణలో దాన్ని తిరగకట్టింది ఈ సొసైటీయే. 2021 మార్చిలో మళ్ళీ బళ్ళు తిరిగాయి. ఇరింగల్‌లో సర్గాలయ అనే చేతివృత్తుల గ్రామం కూడా వీళ్ళ చేతిమీదుగానే నడుస్తోంది. మన దగ్గర కూడా లేబర్ కాంట్రాక్టు సొసైటీలు ఉండేవి, మా నాన్న ఒకదాంట్లో సభ్యుడు. ఏడాదికోసారి సంతకం పెట్టించుకునేవాళ్ళు, అంతే.

మేడమ్ ప్రశ్నకి ఇది జవాబు కాదని తెలుసు, క్షమించాలి.

గునుపూడి టీచర్:

పాతసైటు బాబాయి గారూ, మీరు చెప్పినట్టే చేశాను.

ఆదివారం మావారూ నేనూ సైటుకి వెళ్ళాం. రెండు సీసాలు చాలవనిపించి మూడు పట్టుకెళ్ళాను, మూడోది చలివేంద్రం కుండలోంచి. లెక్కల టీచర్ని కదా, పోల్చి చూడ్డానికి ఒకటి ఉండాలి. మంగళవారం ల్యాబు కుర్రాడు కాగితం ఇచ్చాడు. కుండ నీళ్ళలో క్లోరైడు లీటరుకి 40 మిల్లీగ్రాములు. మిల్లరు డ్రమ్ములో 180. క్యూరింగు పైపులో 1,130. "ఏ చెరువండీ ఇది, వెనామీ రొయ్యకి చాలా తక్కువ" అన్నాడు. అపార్టుమెంటు అని చెప్తే నవ్వాడు, మావారు నవ్వలేదు.

కాగితం తీసుకుని ఆఫీసుకి వెళ్ళాం. కోప్పడతారనుకున్నాను. మేనేజరు చిన్న కుర్రాడే, మర్యాదగానే మాట్లాడాడు. కలపడానికి కాలవ నీళ్ళ ట్యాంకరేనండీ, తడపడానికి మాత్రం బోరు, అది పైపైనే కదా అన్నాడు. పైపైన అయితే పర్వాలేదా బాబాయి గారూ? పాత శ్లాబులు మూడూ అలాగే తడిపారట. రెరా నంబరు ఉంది, సైటులో చూశాను. అడ్వాన్సు మాట తీస్తే, సరే మేడమ్ అగ్రిమెంటు రిజిస్టరు చేసుకున్నాకే ఇవ్వండి అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి మొదట పది లక్షలెందుకు అడిగారో అర్థం కాలేదు.

వాళ్ళ పాత అపార్టుమెంటు పార్కింగులో నాకు పగుళ్ళు కనబడలేదు. ఒక్క ట్యాంకు కింద తుప్పు చారిక, జానెడు పొడుగు. ఫొటో తీశాను. కూలీల షెడ్ల దగ్గర ఆడవాళ్ళకి రేకులతో ఒకటి కట్టారు, తలుపుకి గడియ లేదు. లోపలికి వెళ్ళినావిడ చున్నీ తలుపు మీద వేసి ఉంది, అదే గుర్తనుకుంటా. మేనేజరుకి అది కూడా చెప్పి వచ్చాను.

పాతసైటు:

పైపైన అనేది ఉండదమ్మా. పచ్చి కాంక్రీటు నీళ్ళు పీల్చుకుంటుంది, కలపడానికి పనికొచ్చే నీళ్ళే తడపడానికీ వాడాలి. మిల్లరు డ్రమ్ములో 180 అంటే అది మాత్రం మంచి కబురు, నేను అంత అనుకోలేదు. పాత మూడు శ్లాబులకీ కాంక్రీటు పొడి తీయించి క్లోరైడు పరీక్ష చేయించమనండి, ఖర్చు వాళ్ళదే. నిర్మాణ లోపమేదైనా తాళాలిచ్చిన అయిదేళ్ళలోపు బయటపడితే ఉచితంగా బాగుచెయ్యాలని రెరాలో ఉంది కానీ, నేను చెప్పిన బాల్కనీ ఊడింది ఎనిమిదో ఏట. ఆ సంగతి మేనేజరుకి చెప్పండి. బోరు పైపుకి బదులు ట్యాంకరు నీళ్ళతో గోనెపట్టాలు తడిపితే వాళ్ళకి పడే ఖర్చు ఏపాటిదో వాళ్ళకే తెలుసు.

నాలుగో శ్లాబు ఎప్పుడు?

గునుపూడి టీచర్:

వచ్చే శనివారం పొద్దున్న ఏడింటికట. పరీక్ష సంగతి వాళ్ళ పెద్దాయన్ని అడిగి చెప్తానన్నాడు మేనేజరు. శనివారం నాకు స్కూలుంది, మావారు వెళ్తానంటున్నారు. గడియ పెట్టారో లేదో కూడా చూడమన్నాను.

పాతసైటు:

మీవారికి నా నంబరు మెసేజిలో పంపుతాను. ఏడింటికంటే ఆరున్నరకే ఉండాలి, ట్యాంకరు వచ్చేది అప్పుడే. నేనూ వస్తాను. ఖాళీ సీసా తెచ్చుకోమనండి.