పచ్చ మహాతారా, పసుపు మహాతారా?

ప్రశ్న (గుణుపూర్ నుంచి): చాలా పెద్దదీ, పసుపుగా వెలిగేదీ అయిన నక్షత్రాన్ని "యెల్లో సూపర్‌జయంట్" అంటారు కదా, దాన్ని తెలుగులో ఏమనాలి? మేనల్లుడికి "పచ్చ మహాతార" అని చెప్తే, "పచ్చంటే హళదియానా, సబుజానా మావయ్యా?" అన్నాడు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు కదా; ఒడియాలో హళదియా అంటే పసుపు, సబుజ అంటే ఆకుపచ్చ. "అరుణ మహాతార" (రెడ్ సూపర్‌జయంట్) వరసలో "పీత మహాతార" అనొచ్చా?

బరంపురం నుంచి: పీత వద్దండి. పీతాంబరంలో అది పసుపే గానీ, విడిగా వింటే గోపాలపురం చేపలు తినే మాకు కూరే గుర్తొస్తుంది. పైగా ఆకాశంలో పీత నెబ్యులా వేరే ఉంది, 1054లో కనిపించిన పేలుడు తాలూకు శిథిలం. రెండూ ఒకే పాఠంలో వస్తే పిల్లల పని అయిపోయినట్టే.

పచ్చ మన పాత మాటే. పచ్చకామెర్లు, పచ్చబంగారం అంటాం. పచ్చగడ్డి అని కూడా అంటాం, అదీ చిక్కు. కంటికి ఆకుపచ్చగా కనిపించే నక్షత్రం లేదు కాబట్టి తెలిసినవాళ్లకి తేడా రాదు, కొత్తగా నేర్చుకునే పిల్లలకే వస్తుంది. పసుపు అనేయండి.

అయితే ఆ పసుపు కూడా శాశ్వతం కాదు. వీటిలో మరీ పెద్దవాటిని హైపర్‌జయంట్లు అంటారు. శర్మిష్ఠ (కాసియోపియా) నక్షత్రరాశిలో ఉన్న రో కాసియోపియా అలాంటిదే. 2000లో అది బయటి పొరని విసిరేసి, సుమారు 7000 కెల్విన్ నుంచి 4000 దగ్గరికి చల్లబడింది. ఆ చల్లదనానికి టైటానియం ఆక్సైడ్ అణువులు ఏర్పడి, ఎర్ర తారల్లో కనిపించే చీకటి పట్టీలు దాని వర్ణపటంలోకి, అంటే వెలుగుని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలోకి, వచ్చాయి. తర్వాత మళ్లీ వేడెక్కింది. 1946 ప్రాంతంలోనూ ఇలాగే జరిగింది. ఐఆర్‌సి ప్లస్ 10420 అనే మరో హైపర్‌జయంట్‌ది ఎదురు దారి: వర్ణపటాన్ని బట్టి 1970లలో ఎఫ్ తరగతి, 1990లకి అంతకంటే వేడైన ఎ తరగతి. ఇరవై ఏళ్లలో అంత వేడెక్కడం నక్షత్రాల లెక్కలో రెప్పపాటే.

పర్లాకిమిడి నుంచి: బాగుంది. మరి ఈ మార్పునేమనాలి? ఒకచోట "దీర్ఘకాలిక వర్ణపట చరత్వం" అని చూశాను. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఆ ముక్క నా నోటికి రావడం లేదు.

బరంపురం నుంచి: "ఏళ్ల తరబడి వర్ణపటంలో వచ్చే మార్పులు" అనండి. పొడుగైతే ఏం, అర్థమవుతుంది. వెలుగు మారుతూ ఉండే తారకి చరతార అన్న మాట మాత్రం ఉంచుకోండి, అది పుస్తకాల్లో స్థిరపడింది.

గుణుపూర్ నుంచి: రో కాసియోపియా ఇక్కడ కనిపిస్తుందా?

బరంపురం నుంచి: కార్తీక మార్గశిరాల్లో రాత్రి ఉత్తరం వైపు చూడండి. మసగ్గానే ఉంటుంది, ఊరి దీపాలుంటే కష్టం. వర్ణపటంలో మార్పు కంటికి ఆనదు, దానికి స్పెక్ట్రోస్కోపు ఉండాల్సిందే.