కస్టమ్ ఆఫ్‌సెట్ గిటార్: 1958 నాటి అమరికే ఉంచాలా, మార్చుకోవాలా?

విశాఖతీగ:
బెంగళూరులోని ఒక గిటార్ తయారీదారు చేత జాజ్‌మాస్టర్ తరహా ఆఫ్‌సెట్ (నడుము వంకరగా ఉండే) ఎలక్ట్రిక్ గిటార్ చేయించుకుంటున్నాను. అడ్వాన్సు తీసుకునే ముందు ఆయన ఒక పత్రం పంపి, అన్ని వివరాలూ నింపి ఇవ్వమన్నారు. బాడీ ఆకారం, రంగు వెంటనే తేలిపోయాయి. తేలనిది అసలు విషయమే. ఫెండర్ సంస్థ 1958లో ఈ నమూనాను తెచ్చినప్పుడు పెట్టిన ఊగే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే వంతెన), దానికి దూరంగా ఉండే ట్రెమోలో (కడ్డీ నొక్కి స్వరాన్ని ఊగించే యంత్రాంగం), పై కొమ్ము మీద రిదమ్ సర్క్యూట్ (మెత్తని నాదానికి వేరే స్విచ్, చక్రాలు), వెడల్పాటి సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చేవి) యథాతథంగా ఉంచాలా, లేక తయారీదారు గట్టిగా చెబుతున్నట్టు కదలని బ్రిడ్జ్, రెండు హంబకర్లు (రొద రాకుండా రెండేసి కాయిల్స్ కలిపిన పికప్‌లు), ఒక వాల్యూమ్, ఒక టోన్ పెట్టించి మిగతావన్నీ తీసేయించాలా?

నేను వాయించేది వాద్య సంగీతం. అందులో కొన్ని రాగప్రధానమైనవి, తీగ లాగి గమకాలు పలికించాలి. కొన్ని డిస్టార్షన్‌తో (కావాలని చీల్చిన శబ్దంతో) గట్టిగా సాగేవి. ప్రస్తుతం 10–46 తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల్లో అతి సన్నదాని, అతి లావుదాని మందం) వాడుతున్నాను. ఇల్లు సముద్రానికి దగ్గర కనుక తుప్పు సంగతి కూడా చూసుకోవాలి. పెద్దలు తమ అభిప్రాయం కారణాలతో సహా చెప్పగలరు.

పాతబాణీ:
మీ తయారీదారు చెప్పినట్టు చేస్తే మీకు దక్కేది నడుము వంకర తిరిగిన ఒక మామూలు గిటార్. ఆ శబ్దం కావాలంటే ఆ ఆకారం అక్కరలేదు, సగం ధరకే బజారులో దొరుకుతుంది. జాజ్‌మాస్టర్‌కు ప్రత్యేకత ఇచ్చేది బ్రిడ్జ్‌కూ టెయిల్‌పీస్‌కూ (తీగల చివరలు బిగించే భాగానికీ) మధ్య మిగిలే ఆ పొడవాటి తీగ ముక్క. మీరు అవతలి వైపు మీటినప్పుడు అది కూడా సన్నగా మోగుతుంది; సోనిక్ యూత్ బృందం నేరుగా ఆ ముక్కనే మీటి వాయించింది. ట్రెమోలో సంగతికి వస్తే, మై బ్లడీ వాలెంటైన్ బృందపు కెవిన్ షీల్డ్స్ ఆర్మ్‌ను (ట్రెమోలో కడ్డీని) చేతిలోనే ఉంచుకుని తీగలు మీటుతూ మొత్తం కార్డ్‌నే (కలిసి మోగే స్వరాలనే) ఊగించే పద్ధతి ఈ మెత్తని యంత్రాంగం ఉంది కాబట్టే కుదిరింది.

బ్రిడ్జ్ మీద తీగ జారుతుందనీ గిరగిరమంటుందనీ చెప్పే ఫిర్యాదులన్నీ సన్న తీగలు వాడేవారివే. 1958లో గిటార్లకు వేసిన తీగలు నేటి 10 సెట్టు కంటే బాగా లావు, మూడో తీగ సైతం చుట్టు తీగే. ఆ బిగువు బ్రిడ్జ్‌ను అదిమి పట్టేది. కనుక బ్రిడ్జ్ మార్చకండి, తీగలు మార్చండి.

కొయ్యపని:
హైదరాబాదులో గిటార్లు బాగుచేయడం నా వృత్తి కనుక బల్ల మీద కనిపించేది చెబుతాను. పాతబాణీ గారు చెప్పిన చరిత్ర నిజమే, కానీ దానినుంచి ఆయన తీసిన ముగింపు సగమే నిజం.

ఆ పాత బ్రిడ్జ్‌ను దగ్గరగా చూడండి. రెండు కాళ్ల కింద మొనదేలిన మరలు ఉంటాయి, అవి బాడీలో దిగవేసిన గొట్టాల అడుగున మొన మీద నిలబడతాయి, అందుకే ఆర్మ్ నొక్కినప్పుడు బ్రిడ్జ్ తీగలతో పాటు ముందుకూ వెనక్కూ ఒరుగుతుంది. తీగ శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్క) మీద రాపిడి లేకుండా ఉండడానికి చేసిన తెలివైన ఏర్పాటు అది. అయితే ఆరు శాడిళ్లకూ చెరి రెండు చొప్పున ఎత్తు సరిచేసే సన్న మరలు పన్నెండు ఉంటాయి. గట్టిగా వాయించేవారి చేతిలో అవి ఆ అదురుకే మెల్లగా తిరిగి దిగిపోతాయి. ఒక శాడిల్ ఒక పక్కకు వాలగానే తీగ పక్క గాడిలోకి దూకుతుంది. తీరప్రాంతంలో ఇవే మరలు తుప్పుపట్టి, అలెన్ కీ తలలో పట్టకుండా అరిగిపోయి, చివరికి డ్రిల్లుతో తీయాల్సి వస్తుంది. విశాఖ నుంచి వచ్చినవారు స్టెయిన్‌లెస్ మరలు అడగకపోతే నేనే అడుగుతాను.

రెండో కారణం కోణం. టెయిల్‌పీస్ దూరంగా, దాదాపు అదే ఎత్తులో ఉండడం వల్ల తీగ బ్రిడ్జ్ దాటాక దిగే వాలు చాలా తక్కువ. అదిమే బలం తక్కువైతే గిరగిర తప్పదు. దీనికి ఫెండర్ తానే తన కొన్ని కొత్త నమూనాల్లో టెయిల్‌పీస్‌ను ముందుకు జరిపింది. కస్టమ్‌గా చేయిస్తున్నవారికి ఇంకా మంచి దారి ఉంది: నెక్ గాడిని (గిటార్ మెడ బాడీలో దిగే గుంటను) ఒక డిగ్రీకి కాస్త లోపుగా వంపు పెట్టి చెక్కించుకుంటే బ్రిడ్జ్ పైకి లేపక తప్పదు, దానితో వాలు పెరుగుతుంది, టెయిల్‌పీస్ ఉన్నచోటే ఉంటుంది. పాత గిటార్లకు నెక్ కింద చెక్క పొర పెట్టి మేము చేసే పనే ఇది. కొత్తదానికి ముందే చేయించుకోవచ్చు.

కాబట్టి నా మాట ఒకటే. పత్రంలో పికప్‌ల గురించి మొదట రాయకండి. ఏ తీగలు, ఏ శృతి, ఆర్మ్ నిజంగా వాడతారా లేదా, ఈ మూడూ రాసి తరువాత మిగతావి నింపండి. బ్రిడ్జ్, నెక్ కోణం, స్కేల్ (తీగ మోగే పొడవు) అన్నీ వాటి వెంటే వస్తాయి.

సుస్వరం:
రాగాలు వాయించే వారికి నా హెచ్చరిక. స్ప్రింగు మీద తేలే ఏ ట్రెమోలో అయినా ఒక తీగను లాగితే ఆ అదనపు బిగువుకు టెయిల్‌పీస్ కొంచెం ముందుకు వంగుతుంది, మిగిలిన తీగలు సడలి శృతి దిగుతాయి. రాక్ వాయించేవారు దీన్ని గమనించకపోవచ్చు. మీరు ఐదో తీగను షడ్జంగా మోగిస్తూ రెండో తీగ మీద గమకం లాగితే ఆ షడ్జమే వణుకుతుంది. నమ్మకం కుదరకపోతే ఏదైనా జాజ్‌మాస్టర్ దొరికినప్పుడు ట్యూనర్ తగిలించి, ఐదో తీగ మోగిస్తూ రెండో తీగను ఒక స్వరం పైకి లాగి ముల్లు ఎటు పోతుందో చూడండి. ఫెండర్ మరో నమూనా స్ట్రాటోకాస్టర్ అంత కాకపోయినా పోతుంది.

మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతానికి మాండొలిన్ సరిపడేలా జంట తీగలు మాని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యం వాడారు. సంగీతానికి తగ్గట్టు వాద్యాన్ని మార్చుకోవడంలో తప్పేమీ లేదు. ట్రెమోలో తీసేయండి.

పాతబాణీ:
సుస్వరం గారు చెప్పిన భౌతికశాస్త్రాన్ని కాదనను. కానీ విశాఖతీగ గారి కచేరీలో షడ్జం ఐదో తీగ మీదే మోగాలన్న నియమం ఎక్కడుంది? శృతిపెట్టె ఉన్నచోట ఆ బాధ్యత గిటార్ తీసుకోనక్కరలేదు. పైగా కొన్ని స్వరాల మధ్య జారుడును తీగ లాగడం కంటే ఆర్మ్ మీద చేయి వేసి మెత్తగా తేవచ్చు. లాగినప్పుడు స్వరం పైకే వెళుతుంది, ఆర్మ్ నొక్కితే కిందికి దిగి పైకి వస్తుంది. తీసేయమనడం సులభమే, కానీ తరువాత పెట్టించాలంటే బాడీలో మళ్లీ గుంట తవ్వాలి, రంగు మళ్లీ వేయాలి.

ఆస్టిన్‌వాసి:
స్కేల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. జాజ్‌మాస్టర్‌ది 25.5 అంగుళాలు, 1962లో వచ్చిన ఫెండర్ మరో నమూనా జాగ్వార్‌ది 24. ఒకే తీగ, ఒకే శృతి అయితే బిగువు పొడవు వర్గానికి అనుగుణంగా ఉంటుంది కాబట్టి 24కు వచ్చేసరికి దాదాపు 11 శాతం తగ్గుతుంది. లాగడానికి హాయిగా ఉంటుంది. మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర గడి రెండు మిల్లీమీటర్లు చిన్నదవుతుంది. చిన్న చేతులవారికి అది పెద్ద తేడాయే. గమకాలు కావాలంటున్నవారు 24 ఎందుకు తీసుకోకూడదు?

కొయ్యపని:
తీసుకోవచ్చు, కానీ 10 తీగలతో కాదు. ఇప్పటికే బలం చాలని బ్రిడ్జ్ మీద ఇంకో 11 శాతం తగ్గిస్తే నేను పైన చెప్పిన జబ్బులన్నీ రెట్టింపు అవుతాయి. 24కు 11 లేదా 12 సెట్టు వేయాలి, అప్పుడు లాగడంలో మీరు ఆశించిన హాయి చాలావరకు తిరిగి పోతుంది. శృతి దించి వాయించే ఆలోచన ఉంటే 25.5 తప్ప మరొకటి రాయవద్దు.

గమకానికి స్కేల్ కంటే ముఖ్యమైనది ఫ్రెట్‌బోర్డు వంపు. పాత నమూనాది 7.25 అంగుళాల వ్యాసార్ధం, అంటే బాగా గుండ్రం. తీగలను ఫ్రెట్లకు దగ్గరగా దించి పై గడుల్లో పెద్దగా లాగితే తీగ పక్క ఫ్రెట్‌కు తగిలి స్వరం చచ్చిపోతుంది. 12 అంగుళాలు రాయించండి. ఇక్కడే ఒక చిక్కు ఉంది, చాలామంది పడేది: గాడి జారకుండా ఉంటుందని ఫెండర్ మస్టాంగ్ గిటార్ బ్రిడ్జ్ పెట్టిస్తారు, దాని శాడిళ్ల ఎత్తు విడివిడిగా సరిచేయడానికి వీలుండదు, అవి 7.25 వంపుకే తయారైనవి. 12 బోర్డు మీద అంచు తీగలకూ మధ్య తీగలకూ ఎత్తు పొసగదు. విడివిడిగా ఎత్తు సరిచేసుకునేది కానీ, 12 వంపుకే చేసినది కానీ అడగాలి.

ట్రెమోలో ఉంచి బ్రిడ్జ్ మార్చడం ద్రోహమేమీ కాదు. డైనోసార్ జూనియర్ బృందానికి చెందిన జే మాస్కిస్ పేరుతో ఫెండర్ చౌక బ్రాండు స్క్వైర్ 2011లో తెచ్చిన జాజ్‌మాస్టర్‌కు పాత ట్రెమోలోనే ఉంది, బ్రిడ్జ్ మాత్రం ట్యూన్-ఓ-మాటిక్ తరహా కదలనిది.

విశాఖతీగ:
ఇప్పటివరకు నాకు అర్థమైనంతలో 25.5 స్కేల్, 12 వంపు, 11–49 తీగలు, ట్రెమోలో ఉంచి బ్రిడ్జ్ కదలనిది. పికప్‌ల విషయంలో మాత్రం తయారీదారు పట్టు వదలడం లేదు. సింగిల్ కాయిల్ అయితే మన హాళ్లలో గుయ్యిమనే రొద భరించలేరని అంటున్నారు.

శబ్దవేధి:
ఆయన భయం నిర్హేతుకం కాదు. ఎర్తింగ్ సరిగా లేని కల్యాణమండపంలో లైటింగ్ డిమ్మర్ల పక్కన నిలబడి డిస్టార్షన్ పెడితే 50 హెర్ట్జ్ రొద ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. అయినా హంబకర్ ఒక్కటే మందు కాదు. రెండు పికప్‌లలో ఒకదాన్ని విలోమంగా చుట్టి, అయస్కాంత ధ్రువం కూడా తిప్పిస్తే స్విచ్ మధ్య స్థానంలో, అంటే రెండూ కలిసి పనిచేసేటప్పుడు, రొద రద్దవుతుంది. గుంటలకు లోపల రాగి రేకు అతికించి ఎర్త్‌కు కలపమనండి. పాత జాజ్‌మాస్టర్లలో ఇత్తడి తొట్లు దీనికోసమే ఉండేవి.

అంతకంటే ముఖ్యమైనది, మీకిచ్చేవి నిజమైన జాజ్‌మాస్టర్ పికప్‌లేనా అని అడగండి. అసలు దానిలో కాయిల్ వెడల్పుగా, పలుచగా చుట్టి ఉంటుంది, తీగల కిందికి వచ్చే కడ్డీలే అయస్కాంతాలు. పైమూత అలాగే ఉండి లోపల పి-90 (గిబ్సన్ రకం సింగిల్ కాయిల్ పికప్) పెట్టేవారు ఉన్నారు. పి-90లో అయస్కాంతాలు కాయిల్ అడుగున పడుకుని ఉంటాయి, కడ్డీలు వట్టి ఉక్కు మరలు. అది చెడ్డ పికప్ కాదు, గట్టిగా వాయించే పాటలకు బాగుంటుంది కూడా, కానీ మీరు డబ్బిచ్చేది దానికి కాదు కదా. మూత తీసి ఫోటో పంపమనండి.

పాట్ల (వాల్యూమ్, టోన్ చక్రాల కింది నిరోధకాల) విలువ కూడా రాయండి. పాత అమరికలో 1 మెగోమ్, అందుకే ఆ మెరుపు. మీ ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) అది చెవికి గుచ్చుకుంటే 500 కిలో ఓమ్‌లు చాలు.

సుస్వరం:
రిదమ్ సర్క్యూట్ మాత్రం దండగ. పై కొమ్ము మీది ఆ జారుడు స్విచ్ పాట మధ్యలో చేయి తగిలి పడిపోతుంది, శబ్దం ఒక్కసారిగా మూగబోయి ఆంప్ పోయిందేమో అనుకుంటారు.

పాతబాణీ:
అది మూగబోవడం కాదు, ఉద్దేశించిన తేడా. నెక్ పికప్ ఒక్కటే పనిచేస్తూ, దాని టోన్ పాట్ 50 కిలో ఓమ్‌లే కావడంతో పూర్తిగా తెరిచినా మెత్తగా ఉంటుంది. లియో ఫెండర్ ఈ గిటార్‌ను ఉద్దేశించింది కూర్చుని వాయించే జాజ్ కళాకారుల కోసం, వారికి కావలసింది ఆ నాదమే. వారు పెద్దగా తీసుకోలేదు, సర్ఫ్ సంగీతం (1960ల కాలిఫోర్నియా గిటార్ సంగీతం) వారు ఎత్తుకున్నారు, అది వేరే సంగతి. విశాఖతీగ గారికి రెండు రకాల పాటలు ఉన్నాయి కనుక రాగాలకు ఒకటి, రొదకు ఒకటి ముందే సరిచేసి పెట్టుకునే అవకాశం ఒక్క వేలితో దొరుకుతుంది. నేల మీది పెడల్‌తో అదే పని చేయాలంటే వంగాలి.

సుస్వరం:
వంగడానికి అభ్యంతరం లేనివారికి ఒక రంధ్రం, రెండు చక్రాలు, ఒక స్విచ్ తగ్గుతాయి.

కొయ్యపని:
దీని మీద మీరిద్దరూ ఏకీభవించరు. కావాలంటే గుంట తవ్వించి వైరింగ్ వాయిదా వేసుకోవచ్చు, పిక్‌గార్డ్ (బాడీ మీది పలక) కింద ఎవరికీ కనిపించదు.

విశాఖతీగ గారూ, ఫ్రెట్‌బోర్డు కొయ్య గురించి మీరు అడగలేదు కానీ మన ఇరుగుడు (భారతీయ రోజ్‌వుడ్) చెక్కే అడగండి. ఫెండర్ రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డుతో మొదట విడుదల చేసిన గిటార్ జాజ్‌మాస్టరే. విశాఖ గాలిలోని తేమకు ఇరుగుడు బాగా నిలుస్తుంది. ఫ్రెట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి రాయించండి. ఖరీదు కొంత పెరుగుతుంది, లాగి వాయించేవారికి అరుగుదల తగ్గుతుంది.

చివరగా ఒక పని. ట్రెమోలో, బ్రిడ్జ్ తయారీదారు చేతికి వచ్చాకే నెక్ గాడి చెక్కమని పత్రంలో స్పష్టంగా రాయించండి. కాగితం మీది కొలతతో ముందే చెక్కేసి, తరువాత వచ్చిన బ్రిడ్జ్ రెండు మిల్లీమీటర్లు పొట్టిదైతే మీరు అడిగిన కోణం మళ్లీ చెక్క పొరలతోనే తేవాలి.

విశాఖతీగ:
ఈ వాక్యాన్ని యథాతథంగా పత్రంలో చేర్చి పంపుతున్నాను. రిదమ్ సర్క్యూట్‌కు గుంట మాత్రం తవ్వమన్నాను, వైర్లు కలపవద్దన్నాను. పికప్ మూత తీసిన ఫోటో వచ్చాక ఇక్కడ పెడతాను, శబ్దవేధి గారు చూసి చెప్పాలి.