మల్లేశ్వరంలో పాత ఇల్లు బిల్డర్‌కి ఇస్తే తప్పా?

వాటాదారు:
బెంగళూరు మల్లేశ్వరంలో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఉంది. ముందు రెండు కొబ్బరిచెట్లు, వెనక పనస. వాటాదారులం ముగ్గురం. ఇల్లు కొట్టి ఫ్లాట్లు కడతాను, సగం మీకు సగం నాకు అంటున్నాడు బిల్డర్. "మీలాంటివాళ్ల వల్లే పేట పాడైపోతోంది" అని పక్కింటివాళ్లు నిష్ఠూరం. మీరేమంటారు?

మెట్రో ప్రయాణికుడు:
ఇచ్చెయ్యండి. పెంకులు మార్చేవాళ్లే దొరకడం లేదు. 2014 నుంచి మన పేటలో సంపిగె రోడ్డుకి మెట్రో ఉంది. స్టేషన్ పక్కన పది కుటుంబాలు ఉండగల చోట ఒక్క కుటుంబమేనా? చెట్లంటారా, రోడ్డు పక్కన ఉన్నాయిగా.

మార్గోసా రోడ్డు:
ఈ పేటకి పచ్చదనం రోడ్డు పక్క చెట్లతోనే రాలేదండీ, దొడ్లతో వచ్చింది. 1898లో బెంగళూరుకి ప్లేగు వచ్చి, ఇరుకు సందుల పాత పేటలో జనం పిట్టల్లా రాలిపోయారు. మల్లేశ్వరం, బసవనగుడి ప్లాన్లు అంతకుముందే మొదలైనా జనం ఇటు కదిలింది ఆ భయంతోనే. అందుకే తిన్నని రోడ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ, వెనక కన్సర్వెన్సీ లేను. పారిశుద్ధ్య పనివాళ్లు వచ్చి మరుగుదొడ్లు శుభ్రం చేసి వెళ్లే దారి అది. గాలి కోసం వదిలిన ఆ ఖాళీలోనే పనసలు, మామిళ్లు ఎదిగాయి. ఇక్కడే ఉన్న సి.వి.రామన్ గారి ఇల్లు పంచవటి చూసినవాళ్లకి ఆనాటి ఇంటి తీరు తెలుస్తుంది.

ఇప్పుడు పార్కింగు కాంపౌండు గోడ దాకా వస్తోంది, మిగిలిన జానెడు చోటుకీ టైల్సే. మా వీధిలో సెల్లార్ పార్కింగులోకి దిగే ర్యాంపు కోసం తవ్వుతూ నిద్రగన్నేరు వేళ్లు ఒక పక్క కోసేశారు. తర్వాతి వానాకాలంలో అది కరెంటు తీగల మీదికి ఒరిగింది. ప్రమాదమని చెప్పి మొదలంటా కొట్టేశారు. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

చరిత్ర విద్యార్థి:
ఆ ఖాళీ అందరికీ దక్కిందా? అప్పట్లో సైట్లు కులాలవారీగా బ్లాకులు చేసి ఇచ్చారు. వెనక లేన్లో పనిచేసినవాళ్లకి ముందు గుమ్మం ఎప్పుడైనా తెరిచారా? ఫ్లాట్లయితే డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు.

మార్గోసా రోడ్డు:
ఆ అన్యాయం నిజమే, కాదనను. కానీ కోటి దాటే ఫ్లాటు కూడా ఆ పనివాళ్లకి దక్కదు కదా. మట్టి పోతే మాత్రం వాన నీరు ఇంకదు, బోర్లు ఎండుతాయి. ఆ బాధ అందరిదీ.

వాటాదారు గారూ, ఇల్లు ఇవ్వొద్దని నేననను. ముగ్గురికి ఒక్క పెంకుటిల్లు పంచలేరు. కానీ అగ్రిమెంటులో రాయించండి: వెనక సెట్‌బ్యాక్, అంటే గోడకీ కట్టడానికీ మధ్య వదిలే ఖాళీ, మట్టిగానే ఉండాలి, ర్యాంపు పనసకి అవతలి పక్కనుంచి రావాలి, సెల్లార్ కోసం కాంపౌండు గోడ దాకా తవ్వకూడదు. కర్ణాటకలో 1976 చెట్ల చట్టం కింద సొంత కాంపౌండులో చెట్టు కొట్టాలన్నా చాలా రకాలకి అనుమతి కావాలి. ఈ షరతులన్నీ బిల్డర్‌ని మీరే ముందు అడగండి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి, మల్లేశ్వరంలో సైటుకి బిల్డర్లు కరువా?