‘తీవ్రత 5.3’ అంటే ఎక్కడి తీవ్రత?

గ్రూపులో అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఒక మాట గురించి అడగాలనుకుంటున్నాను. ఆ మాట ‘తీవ్రత’.

2024 డిసెంబర్ 4న పొద్దున 7.27కి ములుగు దగ్గర భూమి కంపించింది గుర్తుందిగా. మేం తార్నాకలో మూడో అంతస్తులో ఉంటాం. స్టవ్ మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. గిన్నెలో పాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఊగాయి. గోడకు తగిలించిన గరిటెలు ఒకదానికొకటి తాకి సన్నగా మోగాయి. అంతే, ఆగిపోయింది. వెంటనే హనుమకొండ నుంచి అమ్మ ఫోన్. “భూమి అదిరింది బిడ్డా, మంచం పట్టుకొని ఎవరో ఊపినట్టయింది” అంది, గొంతు వణుకుతూనే ఉంది.

కాసేపటికి టీవీలో స్క్రోలింగ్ మొదలైంది: “రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3గా నమోదు”. అమ్మ మళ్లీ చేసింది. “మాకు 5.3 వచ్చిందంటున్నరు. మీ దగ్గర ఎంతొచ్చింది?”

“వేరే ఏం ఉండదమ్మా, అన్ని ఊళ్లకీ ఒకటే నంబరు” అన్నాను.

“అదెట్ల? నీకు పాలే ఊగినయ్, నాకు మంచమే ఊగింది. ఒకటే ఎట్లయితది?”

అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. తప్పు మనం వాడే మాటలో ఉంది. 5.3 అనేది భూమి లోపల రాయి పగిలినచోట ఎంత శక్తి విడుదలైందో చెప్పే అంకె, అంటే మాగ్నిట్యూడ్. అది మొత్తం భూకంపానికి ఒక్కటే. అమ్మ అడిగింది ఇంటెన్సిటీ గురించి, అంటే ఈ ఊళ్లో, ఈ ఇంట్లో ఎంత ఊగిందని. అది ఊరూరికీ మారుతుంది. పాఠ్యపుస్తకాల్లో మొదటిది ‘పరిమాణం’, రెండోది ‘తీవ్రత’. వార్తల్లోకి వచ్చేసరికి పరిమాణం పోయి, దాని అంకె మీద కూడా ‘తీవ్రత’ అనే పేరే అతికించేశాం.

ఇంట్లో పోపు పెడితే ఎలా ఉంటుందో చూడండి. మూకుట్లో ఆరు ఎండుమిరపకాయలు వేశాం, అది ఒకటే లెక్క. కానీ వంటింట్లో ఉన్నవాళ్లకి ఊపిరాడదు, హాల్లో కూర్చున్నవాళ్లు రెండుసార్లు తుమ్ముతారు, పక్కవాటా వాళ్లకి వాసన మాత్రమే తెలుస్తుంది. కిటికీ మూసి ఉంటే ఒకలా, తెరిచి ఉంటే ఇంకోలా. ‘ఘాటు ఆరు’ అని టీవీలో చెబితే ఎవరి ముక్కు లెక్క అది?

నేను అనువాదాలు చేసుకుని బతికేదాన్ని. అందుకే ఇది నన్ను వదలడం లేదు. ఈ రెండిటినీ విడివిడిగా చెప్పడానికి మీరేం వాడతారు?

వరంగల్ సభ్యుడు: అక్కా, మాగ్నిట్యూడ్, ఇంటెన్సిటీ అని అట్లనే తెలుగులో రాస్తే సరిపోదా? బస్సు, టెన్షన్ రాస్తలేమా?

ప్రశ్న వేసినామె: తమ్ముడూ, సగం ఒప్పుకుంటాను. ఈ విషయంలో జపాన్ వాళ్లు ఏం చేశారో చూడండి, వాళ్లకిది నిత్యం ఉండే గొడవే కదా. మాగ్నిట్యూడ్‌ని వాళ్లు ఇంగ్లీషు నుంచే తీసుకుని ‘మగునిచూడో’ అని పలుకుతారు. ఊగినదానికి మాత్రం తమ మాటే ఉంది: ‘షిందో’. షిన్ అంటే కంపం, దో అంటే మెట్టు. భూకంపం రాగానే అక్కడి టీవీలో ముందు కనిపించేది షిందోనే, ఏ ఊళ్లో ఎంతో మ్యాపు మీద అంకెలు వేసి మరీ. మా అమ్మ అడిగిన ప్రశ్నకి అక్కడ నిమిషాల్లో జవాబు వస్తుంది.

ఇంకో సంగతి. రిక్టర్ 1935లో కాలిఫోర్నియాలో ఆ స్కేలు తయారుచేయడానికి దారి చూపినవాటిలో జపాన్ శాస్త్రవేత్త కియో వాదాతి పని ఒకటి. అంటే మాగ్నిట్యూడ్ పుట్టుకలో కూడా వాళ్ల చెయ్యి ఉంది. అయినా ఆ మాటని అరువుగానే ఉంచుకున్నారు. ఒంటికి తెలిసేదానికి మాత్రం సొంత మాట పెట్టుకున్నారు.

విజయవాడ సభ్యురాలు: ఈ షిందో ఎప్పటిదండీ? యంత్రాలు వచ్చాక పుట్టిందా?

ప్రశ్న వేసినామె: కాదండీ, యంత్రాల కంటే ముందు మాటలే వచ్చాయి. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. 1880లో యోకోహామాలో భూకంపం వచ్చాక అక్కడ భూకంప శాస్త్ర సంఘం పుట్టింది. 1884లో సెకియా అనే ఆయన, భూకంపం వస్తే ఏమేం గమనించి రాసి పంపాలో చెబుతూ నియమాలు రాశాడు. అందులో అంకెలు కాదు, నాలుగు మాటలు: అతి సన్నది, బలహీనం, బలమైనది, భీకరం. తర్వాత మెట్లు పెరిగి 1898కి సున్నా నుంచి ఆరు దాకా అంకెలయ్యాయి. 1948లో ఫుకుయి భూకంపం చూశాక ఆరు చాలదని ఏడు చేర్చారు.

కానీ అప్పటికీ కొలిచేది మనిషి ఒళ్లే. వాతావరణ కేంద్రంలో ఉద్యోగి కూర్చున్నచోట ఎంత ఊగిందో తను గమనించి చెప్పేవాడు. ఏడుకైతే నియమం ఇంకా కఠినం: నూటికి 30కి పైగా ఇళ్లు కూలాయని మనుషులు వెళ్లి చూసి తేల్చాలి. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5.46కి కోబె భూకంపం వచ్చింది. 6,434 మంది పోయారు. చరిత్రలో మొదటిసారి ఏడు ఇచ్చింది దానికే, కానీ ముందు ఆరు అని ప్రకటించి, ఊరంతా తిరిగి చూశాకే ఏడు అన్నారు. అక్కడ శిథిలాల కింద మనుషులున్నారు, ఇక్కడ అంకె తేలలేదు. ఇది చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. 1996లో ఆ పని పూర్తిగా యంత్రాలకి అప్పగించారు. ఐదునీ ఆరునీ కింది మెట్టు, పై మెట్టు అని రెండేసి చేశారు. అలా మొత్తం పది మెట్లు.

ఆ మెట్ల వర్ణనలు చదివితే వంటింట్లో నిలబడి రాసినట్టుంటాయి. రెండులో వేలాడే దీపాలు సన్నగా కదులుతాయి. మూడులో అల్మారాలో గిన్నెలు గలగలమనొచ్చు. నాలుగులో నిద్రపోతున్నవాళ్లు చాలామంది లేచిపోతారు. ఆరు పై మెట్టులో నిలబడలేరు, పాకాల్సిందే.

జహీరాబాద్ సభ్యుడు: 1993 సెప్టెంబర్ 30న లాతూర్ భూకంపం మా ఇంట్లో అందరికీ తెలిసింది. వినాయక నిమజ్జనం అయిన తెల్లారి, నాలుగు కూడా కాలేదు. దాని మాగ్నిట్యూడ్ 6.2 అని చదివినప్పుడు చిన్నదే అనిపించింది. జపాన్‌లో 2011లో వచ్చింది 9 కదా.

ప్రశ్న వేసినామె: సరిగ్గా ఇక్కడే రెండు మాటలు కావాలండీ. లాతూర్ జిల్లాలోని కిల్లారి ఊరివాళ్లకి ఆ భూకంపం సరిగ్గా కాళ్ల కింద, తక్కువ లోతులో వచ్చింది. రాళ్లు పేర్చి మట్టి పూసిన గోడలు, పైన బరువైన కప్పులు. జనం గాఢనిద్రలో ఉన్నారు. పదివేల మంది దాకా పోయారు. 2011 మార్చి 11న వచ్చింది 9.0, కానీ అది సముద్రం అడుగున. అక్కడ ఎక్కువమందిని మింగింది ఊపు కాదు, సునామీ. అదే రోజు మియాగిలోని కురిహరాలో షిందో 7, టోక్యోలో 5 పై మెట్టు. ఒకటే పరిమాణం, ఊరికో షిందో. లాతూర్‌ది పరిమాణంలో మధ్యరకం, కిల్లారిలో మాత్రం భీకరం. ‘తీవ్రత 6.2’ అని రాస్తే ఈ రెండో సగం ఎక్కడికి పోయింది?

రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన: అమ్మా, బాలకాండలో సగరపుత్రులు భూమి తవ్వుకుంటూ వెళ్లి, భూమిని మోసే దిగ్గజం విరూపాక్షాన్ని చూసే చోట ఒక శ్లోకం ఉంది:

*యదా పర్వణి కాకుత్స్థ విశ్రమార్థం మహాగజః*
*ఖేదాచ్చాలయతే శీర్షం భూమికంపస్తదా భవేత్*

మోసి మోసి అలసిన ఏనుగు కాస్త సేద తీరడానికి తల కదిలిస్తే భూమి కంపిస్తుందట. కంపం అంటే కదలిక మాత్రమే, అందులో కొలత లేదు. ‘తీవ్రం’ అనేది జ్వరానికీ, బాధకీ చెప్పే మాట. అనుభవించేవాడు ఉంటేనే తీవ్రత. కాబట్టి నీ వాదం నాకు సబబుగానే తోస్తోంది: తీవ్రతని మనిషి వైపే ఉంచాలి.

ప్రశ్న వేసినామె: బాబాయిగారూ, పాదాభివందనం. ‘అనుభవించేవాడు ఉంటేనే తీవ్రత’ అని రాసి పెట్టుకున్నాను. జపాన్‌లో ఏనుగు బదులు భూమి కింద పెద్ద క్యాట్‌ఫిష్ లాంటి చేప ఉందనుకునేవాళ్లు. 1855లో ఎడో నగరం, అంటే ఇప్పటి టోక్యో, కంపించాక ఆ చేప బొమ్మలు అచ్చు వేసి అమ్మారు కూడా.

వరంగల్ సభ్యుడు: మరి షిందోకి తెలుగు మాట చెప్పక్కా.

ప్రశ్న వేసినామె: అమ్మ నోట వచ్చిందే చెబుతాను: ‘అదురు’. పెదవి అదరడం, కన్ను అదరడం, గుండె అదరడం, అన్నీ ఒంటికి తెలిసేవే. ఇవాళ ‘అదిరింది’ అంటే బాగుందనే అర్థం ముందు వస్తుందని తెలుసు. కానీ ‘అదురూ బెదురూ లేకుండా’ అన్నప్పుడు పాత అర్థం చెక్కు చెదరలేదు కదా. ఇంకా మనకి ఎన్ని ఉన్నాయో చూడండి. బస్సు గతుకులో పడితే కుదుపు. ఉయ్యాల నెమ్మదిగా కదిలితే ఊపు. చలికి వణుకు. చప్పుడుతో కలిస్తే దద్దరిల్లడం. సెకియా నాలుగు మాటలతో మొదలుపెట్టాడు, మనకి అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ‘పరిమాణం 5.3, హనుమకొండలో అదురు ఇంత, హైదరాబాద్‌లో ఇంత’ అని రాయడానికి ఏం అడ్డం?

విజయవాడ సభ్యురాలు: మీ అమ్మగారింట్లో ఇంకేమేం కదిలాయో అడిగారా? మెట్టు తేల్చాలంటే అది కావాలి కదా.

ప్రశ్న వేసినామె: ఇప్పుడే ఫోన్ చేసి అడిగానండీ. స్టాండులో స్టీలు పళ్లేలు గలగలమన్నాయట. దేవుడి దగ్గర వేలాడే దీపం బాగా ఊగి, నూనె ఒలికిందట. పైఅరలో ఉన్న ఆవకాయ జాడీ మాత్రం ఉన్నచోటే ఉంది.